హంబకర్‌లో మాగ్నెట్ మార్చి పాత టోన్ తెచ్చుకోవడం ఎలా

మీ ఎలక్ట్రిక్ గిటార్‌లో హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్, అంటే తీగ కదలికని కరెంటుగా మార్చే భాగం) ఉంది, సౌండ్ గట్టిగానే వస్తోంది, కానీ పై స్వరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి, ఆంప్‌లో కాస్త డ్రైవ్ (సౌండ్ చీలేలా పెంచడం) పెడితే చాలు తీగ మీద చెయ్యి మెల్లగా వేసినా గట్టిగా వేసినా ఒకేలా మోగుతోంది. ఇలాంటప్పుడు చాలామంది కొత్త పికప్‌లు కొనేస్తారు. దానికంటే చిన్న పని ఒకటుంది. పికప్ అడుగున ఉన్న నాలుగు స్క్రూలు వదులు చేసి, లోపలి మాగ్నెట్‌ని బయటికి తోసి, దాని చోట ఇంకోటి పెట్టడం. కాయిల్ అదే, దానికి చుట్టిన తీగ అదే, మారేది ఆ ఒక్క లోహపు పట్టీ. నచ్చకపోతే పాతది మళ్ళీ పెట్టేసుకోవచ్చు. గిటార్‌కి చేసే మార్పుల్లో ఇంత తేలిగ్గా వెనక్కి తిప్పుకోగలిగేవి ఎక్కువ లేవు, అందుకే మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టేవాళ్ళకి కూడా దీన్నే చెప్తుంటాను.

అయితే ఏదైనా విప్పే ముందు పికప్ ఎత్తు చూడండి. నవ్వకండి, నేను రెండుసార్లు మాగ్నెట్ మార్చేశాక గానీ ఈ సంగతి నాకు తలకెక్కలేదు. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, పోల్ (ఒక్కో తీగ కింద పికప్‌లో కనిపించే లోహపు మొన) పైభాగానికీ తీగ అడుగుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి. గిబ్సన్ తరహా గిటార్లలో బ్రిడ్జ్ దగ్గర 1.6 మి.మీ., నెక్ దగ్గర 2.4 మి.మీ. చుట్టుపక్కల మొదలుపెట్టడం మామూలు. మీది అంతకంటే దగ్గరగా ఉంటే పికప్‌ని ఒక మిల్లీమీటరు కిందికి దించి, ఆంప్ వాల్యూమ్ ఆ మేరకు పెంచి వినండి. దగ్గరగా ఉన్న బలమైన మాగ్నెట్ తీగని తనవైపు లాగుతుంది, దాంతో స్వరం త్వరగా చచ్చిపోతుంది, మందపు తీగలు పై ఫ్రెట్ల దగ్గర వాయిస్తే శ్రుతి తేలిపోయినట్టు వినిపిస్తుంది. దించితే ఇవన్నీ కొంత సర్దుకుంటాయి. అప్పటికీ మీకు కావలసిన మెత్తదనం రాలేదంటేనే మాగ్నెట్ సంగతి చూడాలి.

ఇంకో పని, మార్చే ముందే రికార్డ్ చేసి పెట్టుకోండి. ఫోన్‌లో అయినా ఫర్వాలేదు. అదే ఆంప్, అవే నాబ్‌లు, అదే దూరం, ఒక క్లీన్ కార్డ్, ఒక రిఫ్, ఒక్కొక్క తీగ విడిగా ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. పికప్ విప్పి, బిగించి, తీగలు కట్టి, శ్రుతి చేసేసరికి గంటో రెండు గంటలో అవుతుంది, ఆ పాటికి మొదట ఎలా మోగిందో ఎవరికీ గుర్తుండదు. కష్టపడ్డాం కాబట్టి బాగుందని మనసే చెప్పేస్తుంది. రికార్డింగ్ ఉంటే ఆ మాయలో పడం.

పాత టోన్ అంటే ఏమిటి

పాత హంబకర్ టోన్ అని అందరూ వెతికేది గిబ్సన్‌లో సెత్ లవర్ తయారుచేసిన పికప్‌ని. 1955లో పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టారు, 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో వచ్చింది, పేటెంట్ 1959లో చేతికొచ్చింది. అడుగున 'పేటెంట్ అప్లయిడ్ ఫర్' అని నల్ల స్టిక్కర్ ఉండేది కాబట్టి పీఏఎఫ్ అని పేరు పడిపోయింది. తమాషా ఏంటంటే తరవాత స్టిక్కర్ మార్చి పేటెంట్ నంబరు వేసినప్పుడు కూడా ఈ పికప్ నంబరు వెయ్యలేదు, లెస్ పాల్ పేరు మీదున్న తీగల బిగింపు పేటెంట్ నంబరు వేశారు.

మనకి పనికొచ్చే విషయం వేరే ఉంది. ఆ తొలి ఏళ్ళలో గిబ్సన్ ఒకే రకం మాగ్నెట్ వాడలేదు. ఆల్నికో 2, 3, 4, 5, ఏది చేతిలో ఉంటే అది పడింది. 1961 ప్రాంతం నుంచి కొంచెం పొట్టిగా ఉండే ఆల్నికో 5 మీద స్థిరపడ్డారు. కాయిల్ చుట్లు కూడా లెక్కపెట్టినట్టు ఒకేలా ఉండవు, 42 గేజ్ ఎనామెల్ తీగ ఒక్కో బాబిన్‌కి (కాయిల్ చుట్టే ప్లాస్టిక్ చట్రానికి) సుమారు 5,000 చుట్లు అన్నమాటే గానీ నిరోధం కొలిస్తే ఒకటి 7 కిలో ఓమ్‌లు చూపిస్తుంది, ఇంకోటి 9 దగ్గరుంటుంది. కాబట్టి 'అసలైన పీఏఎఫ్ మాగ్నెట్ ఇదే' అని ఎవరైనా ఒక్క రకం పేరు చెప్పి అమ్మితే, ఆ మాటని కొంచెం పక్కన పెట్టి మీ చెవికి ఏది బాగుందో చూసుకోండి.

దీన్నిబట్టి ఇంకో సంగతి కూడా తేలుతుంది. మీ పికప్ కొలత 7.5 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య ఉంటే మాగ్నెట్ మార్చడం బాగా పనిచేస్తుంది. 14, 16 కిలో ఓమ్‌లు చూపించే హెవీ పికప్‌లో ఇంకా సన్నని తీగ, ఇంకా ఎక్కువ చుట్లు ఉంటాయి, అందులో ఆల్నికో 2 పెట్టినా అది పీఏఎఫ్ అవదు. కాస్త మెత్తబడుతుంది, బురద పట్టినట్టు కూడా అవ్వొచ్చు. అలాంటి పికప్‌కి ఈ పని చెయ్యొద్దని నా మాట, కావాలంటే సరదాకి చేసి చూడండి.

ఏ మాగ్నెట్ ఎలా మోగుతుంది

ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన ఇనుము. పేరులో కోబాల్ట్ ఉన్నా ఆల్నికో 3లో అది ఉండదు. ఇప్పటి చవక హంబకర్లలో, హై అవుట్‌పుట్ హంబకర్లలో ఎక్కువగా సిరామిక్ ఉంటుంది, నల్లగా, సుద్దముక్కలా, లోహపు మెరుపు లేకుండా. ఆల్నికో వెండి రంగులోనో ముదురు బూడిద రంగులోనో లోహంలాగే కనిపిస్తుంది.

సిరామిక్ తీసి ఆల్నికో పెడితే ఒకేసారి రెండు మార్పులు జరుగుతాయి. మాగ్నెట్ బలం తగ్గుతుంది కాబట్టి అవుట్‌పుట్ తగ్గి ఆంప్‌ని తక్కువగా తోస్తుంది. రెండోది, సిరామిక్‌లో కరెంటు పారదు, అయస్కాంత ప్రవాహం విషయంలో అది గాలితో సమానం; ఆల్నికో లోహం, ప్రవాహాన్ని కాయిల్ కోర్‌లో భాగంలా మోస్తుంది, అందుకని కాయిల్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం) కొద్దిగా పెరిగి, గుచ్చుకునే ఆ పై స్వరాల శిఖరం కొంచెం కిందికి జరుగుతుంది. సిరామిక్ నుంచి మారినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు తెలిసేది ఇందుకే. ఒక ఆల్నికో నుంచి ఇంకో ఆల్నికోకి మారితే తేడా ఉంటుంది గానీ గదిలో ఉన్న వేరేవాళ్ళకి తెలియకపోవచ్చు, వాయించే మీకు తెలుస్తుంది.

ఆల్నికో 2 గురించి ముందు చెప్తాను, నేను ఎక్కువ వాడేది అదే. పై స్వరాలు గుండ్రంగా వస్తాయి, మిడ్స్ (మధ్య స్వరాలు) ముందుకొస్తాయి, బాస్ కాస్త వదులు. తీగ కొట్టగానే స్వరం ఠక్కున నిలబడదు, ఒక క్షణం ఊగి నిండుతుంది, మెల్లగా వాయిస్తే తేటగా, గట్టిగా కొడితే కొంచెం గొంతు చించుకున్నట్టు. వేళ్ళకి తెలిసే ఈ తేడా కోసమే మాగ్నెట్ మార్చమంటాను, టోన్‌లో సగం మార్పు ఆంప్ మీద ట్రెబుల్ నాబ్ తిప్పినా వచ్చేస్తుంది, చేతి కిందికి ఈ మెత్తదనం మాత్రం నాబ్‌తో రాదు. బ్రిడ్జ్ పికప్ గుచ్చుతుంటే ఇది మొదటి మందు. నెక్‌లో మాత్రం, ముఖ్యంగా బరువైన గిటార్‌లో, కింది తీగలు ముద్దయిపోయే ప్రమాదం ఉంది.

ఆల్నికో 3 ఇంకా మెతక, అవుట్‌పుట్ బాగా తక్కువ, నెక్‌లో పెట్టి క్లీన్ వాయించేవాళ్ళకి హాయిగా ఉంటుంది. ఆల్నికో 4 ఎటూ మొగ్గదు, బాస్, మిడ్, ట్రెబుల్ సమానంగా, పికప్ కాయిల్ ఎలా ఉందో అలా వినిపిస్తుంది. ఏది కొనాలో తేలకపోతే నెక్‌కి ఇది తీసుకోండి. ఆల్నికో 5 బలమైనది, బాస్ బిగువుగా, పై స్వరాలు చురుగ్గా, మిడ్ కొంచెం లోపలికి. తయారీలోనే దీన్ని ఒక దిశలో అమరిస్తే మామూలు ఆల్నికో 5, దిశ పెట్టకుండా వదిలేస్తే అన్‌ఓరియెంటెడ్ అంటారు, అది 4కీ 5కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆల్నికో 8 దగ్గరికి పాత టోన్ కోసం వెళ్ళక్కర్లేదు, అది సిరామిక్‌కి చుట్టం.

రఫ్‌కాస్ట్ అని గరుకుగా ఉండేవి, పాలిష్ చేసినవి అని రెండు రకాలు అమ్ముతారు. గరుకువి చూడ్డానికి పాతవాటిలా ఉంటాయి, అంతే, నాకు చెవిలో తేడా ఎప్పుడూ తెలియలేదు. కొనేటప్పుడు చార్జ్ చేసినదో కాదో అడగండి, చార్జ్ చెయ్యనివి కూడా అమ్ముతారు, వాటిని మాగ్నెటైజ్ చేసే సాధనం లేకుండా మనం ఏమీ చెయ్యలేం. సైజు కూడా చూసుకోండి. పొడుగు రకం 63 మి.మీ. దాకా, పొట్టి రకం 60 మి.మీ. చుట్టూ ఉంటుంది, వెడల్పు 12.5 పైన, మందం 3.2 దగ్గర. మీ పికప్‌లో మందపు సిరామిక్ ఉంటే కొత్తది పల్చగా పడి లోపల గలగలమంటుంది, అప్పుడు పల్చటి చెక్క పేడో మందపు అట్టముక్కో కింద పెట్టి సర్దాలి. లోపల మూడు మాగ్నెట్లున్న హై అవుట్‌పుట్ పికప్ కనిపిస్తే మాత్రం మూసేసి పక్కన పెట్టెయ్యండి.

విప్పడం

కావలసినవి: ప్లస్ స్క్రూ డ్రైవర్, మల్టీమీటర్, చెక్క పుల్ల, మార్కర్, పేపర్ టేప్, హెయిర్ డ్రయ్యర్. పికప్ మీద లోహపు కవర్ ఉంటే 40 నుంచి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, వెడల్పు మొన ఉన్నది, సోల్డర్ పీల్చే పంపు.

తీగలు తియ్యకముందే ఒక చిన్న పరీక్ష చేసి పెట్టుకోండి, దీని విలువ తరవాత తెలుస్తుంది. గిటార్‌లో కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, కేబుల్ రెండో చివర మొనకి మల్టీమీటర్ ఎర్ర వైరు, ఒంటికి నల్ల వైరు తగిలించి 20 కిలో ఓమ్‌ల రేంజ్‌లో చూడండి. వచ్చిన అంకె రాసుకోండి. ఇప్పుడు స్క్రూ డ్రైవర్‌ని పికప్ పోల్స్ మీద అడ్డంగా ఆనించి ఠక్కున పైకి లాగండి. అంకె ఒక్క క్షణం పెరిగి గానీ తగ్గి గానీ మళ్ళీ పాతచోటికి వస్తుంది. పెరిగిందా తగ్గిందా రాసుకోండి. రెండు పికప్‌లకీ చెయ్యండి, స్విచ్ మార్చి.

తీగలు వదులు చేసి తీసెయ్యండి, గిటార్ మీద గుడ్డ పరవండి, ఫోటో తీసుకోండి, పికప్ రింగ్ విప్పండి. వైరు పొడుగ్గా ఉంటే సోల్డర్ ఊడదియ్యక్కర్లేదు, పికప్‌ని బోల్తా కొట్టి గుడ్డ మీదే పని కానిచ్చెయ్యొచ్చు. నాలుగు వైర్లున్న పికప్ అయితే నేనైతే అస్సలు ఊడదియ్యను.

కవర్ లేని పికప్ అయితే మీ అదృష్టం, ఈ పేరా వదిలెయ్యండి. కవర్ ఉంటే బేస్‌ప్లేట్‌కి రెండు పక్కలా సోల్డర్ బొట్లు రెండు కనిపిస్తాయి. ఐరన్ బాగా వేడెక్కనిచ్చి, బొట్టు మీద పెట్టి, కరగగానే పంపుతో పీల్చెయ్యండి. చిన్న ఐరన్‌తో నిమిషాల తరబడి కాల్చొద్దు, మాగ్నెట్‌కి ఆ వేడి లెక్కలోది కాదు గానీ లోపలి ప్లాస్టిక్ బాబిన్ మెత్తబడి వంగిపోతుంది. సోల్డర్ మొత్తం పోకపోయినా సన్నని బ్లేడుతో మిగిలిన అతుకు కొయ్యొచ్చు. తరవాత కవర్ రాకపోతే లోపల మైనం పట్టి ఉంచుతోందన్నమాట, హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేస్తే జారి వస్తుంది. పీకకండి.

కాయిల్స్ చుట్టూ ఒక టేప్ ఉంటుంది. దాని జోలికి పోవద్దు. టేప్ కాయిల్ మీద ఉంటుంది, మాగ్నెట్ కాయిల్స్ కింద, దాన్ని విప్పాల్సిన పనే లేదు. నా మొదటి పికప్‌లో నేను ఆ టేప్ బ్లేడుతో కోశాను, లోపలి తీగ కూడా దాంతోపాటు తెగింది, 42 గేజ్ తీగ మందం 0.06 మి.మీ. చిల్లర, వెంట్రుక లాంటిది, తెగిందని కూడా తెలియలేదు, మల్టీమీటర్ ఏ అంకే చూపించనప్పుడు తెలిసింది.

ఇప్పుడు అడుగున నాలుగు ఇత్తడి స్క్రూలు, ఒక్కో బాబిన్‌కి రెండు. వాటిని పూర్తిగా తియ్యకండి, మూడు నాలుగు చుట్లు వదులు చెయ్యండి చాలు. బాబిన్‌కీ బేస్‌ప్లేట్‌కీ మధ్య కొంచెం ఖాళీ వస్తుంది, పక్కనుంచి చూస్తే మధ్యలో మాగ్నెట్ అంచు కనిపిస్తుంది. ఒక పక్క అది కదలని పోల్స్ కాళ్ళకి ఆనుకుని ఉంటుంది, ఇంకో పక్క స్క్రూ పోల్స్ దిగే ఇనుప పట్టీకి ఆనుకుని ఉంటుంది. ఆ పట్టీ అవతల చెక్కదో ప్లాస్టిక్‌దో పేడు ఒకటి ఉంటుంది, దాన్ని కదపకండి.

ఇక్కడ తొందరపడొద్దు

మాగ్నెట్ బయటికి తియ్యక ముందే, కనిపిస్తున్న చివర మీద మార్కర్‌తో గీత పెట్టండి, పై వైపు ఏదో, స్క్రూల వైపు ఏదో తెలిసేలా. హంబకర్ మాగ్నెట్‌కి ధ్రువాలు రెండు చివర్లలో ఉండవు, పై కింద ముఖాల మీదా ఉండవు, రెండు పొడుగాటి అంచుల్లో ఉంటాయి. ఒక అంచు ఉత్తరం, ఎదుటి అంచు దక్షిణం. కొత్తది కూడా అదే అంచు అదే వైపు ఉండేలా పెట్టాలి.

మైనం పట్టేసి ఉంటే డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, చెక్క పుల్ల మాగ్నెట్ ఒక చివర ఆనించి మెల్లగా తొయ్యండి. ఇనుప స్క్రూ డ్రైవర్‌తో తోస్తే అది పోయి మాగ్నెట్‌కి అంటుకుంటుంది, జారితే నేరుగా కాయిల్‌లోకి. మొదట కదలదు, తరవాత ఒక్కసారిగా జరుగుతుంది, రెండో వైపు వేలు అడ్డం పెట్టుకోండి. ఆల్నికో గట్టిదే గానీ పెళుసు, టైల్ మీద పడితే మూల విరుగుతుంది.

తీసిన మాగ్నెట్‌ని తిప్పకుండా, పికప్‌లో ఎలా ఉందో అలాగే బల్ల మీద పడుకోబెట్టండి. కొత్తదాన్ని దాని పక్కన, పొడుగాటి అంచుకి పొడుగాటి అంచు ఎదురుగా, నేల మీద పలకలు పేర్చినట్టు దగ్గరికి తీసుకురండి. లాక్కుంటే రెండూ ఒకే దిశలో ఉన్నట్టు. తోసేస్తే కొత్తదాన్ని పొర్లించి మళ్ళీ చూడండి. లాక్కున్న వెంటనే విడదీసి, కొత్తదాని మీద కూడా అదే చోట గీత పెట్టండి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూడొద్దు, అలా పెడితే లెక్క తలకిందులు, అంటుకున్నాయంటే ఎదురు దిశల్లో ఉన్నట్టు. పైగా ఒకే ధ్రువాలని బలవంతంగా ఎదురెదురు నొక్కితే ఆల్నికో తన బలం కొంత పోగొట్టుకుంటుంది. చిన్న దిక్సూచి ఉంటే ఇంకా తేలిక, కాస్త దూరం నుంచి చూపిస్తే సూది ఉత్తరపు మొన తిరిగిన అంచు దక్షిణం.

దీని గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. నేను మొదటిసారి నెక్‌లో తిరగేసి పెట్టేశాను. నెక్ విడిగా వింటే బ్రహ్మాండం, బ్రిడ్జ్ విడిగా బాగానే ఉంది, స్విచ్ మధ్యలో పెట్టగానే బాస్ మొత్తం మాయమై, ముక్కుతో పాడినట్టు, రేకు డబ్బాలో రేడియో పెట్టినట్టు ఒక సన్నని చప్పుడు. సోల్డర్ పాడుచేశాననుకుని రెండు రోజులు ప్రతి అతుకూ మళ్ళీ కాల్చాను, చివరికి స్విచ్ కూడా మార్చాను. తప్పు మాగ్నెట్‌ది. ఒక పికప్‌లో మాగ్నెట్ తిరగబడితే రెండు కాయిల్స్ ఒకేసారి తిరగబడతాయి కాబట్టి హమ్ (కరెంటు గుయ్యిమనే రొద) రాదు, విడిగా వింటే ఏ తేడా తెలియదు, రెండో పికప్‌తో కలిసినప్పుడే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

అన్నట్టు ఇదే తప్పు ఒక గిటార్‌కి పేరు తెచ్చిపెట్టింది. పీటర్ గ్రీన్ వాయించిన 1959 లెస్ పాల్‌లో నెక్ పికప్ మాగ్నెట్ తిరగబడి ఉంది, మధ్య స్థానంలో వచ్చే ఆ ముక్కు గొంతే దాని గుర్తు. తరవాత అది గ్యారీ మూర్ దగ్గరికి, ఇప్పుడు కర్క్ హ్యామెట్ దగ్గరికి చేరింది. మీకు ఆ సౌండ్ కావాలంటే కావాలనే తిరగేసుకోండి, నాకు మాత్రం అప్పుడు ఏడుపొచ్చింది.

పెట్టడం, మళ్ళీ మూయడం

కొత్త మాగ్నెట్‌ని గీత చూసుకుంటూ పక్కనుంచి జార్చండి. సగం దాకా వెళ్ళాక పోల్స్ దాన్ని లాక్కుని పట్టేస్తాయి, అప్పుడు పుల్లతో చివరిదాకా తొయ్యండి. రెండు చివర్లా ఖాళీ సమానంగా ఉండాలి, ఒక పక్క పోల్స్ కాళ్ళకీ ఇంకో పక్క ఇనుప పట్టీకీ ఆనాలి. మధ్యలో సందు కనిపిస్తే అవుట్‌పుట్ పోతుంది, ఒక్కోసారి పాత మైనం ముద్ద అడ్డం పడి ఆననివ్వదు, గీకి తియ్యండి.

నాలుగు స్క్రూలనీ కొంచెం కొంచెంగా, మూల నుంచి ఎదుటి మూలకి మారుతూ బిగించండి. బాబిన్ ప్లాస్టిక్, స్క్రూ దిగేది దాన్లోకే, బలం చూపిస్తే మర అరిగిపోతుంది. కదలకుండా ఉంటే చాలు.

ఇప్పుడే, కవర్ పెట్టకముందే, ఆ మల్టీమీటర్ పరీక్ష మళ్ళీ చెయ్యండి. అంకె మొదటిదానికి దగ్గరగా ఉంటే కాయిల్ క్షేమం, గది వేడిని బట్టీ చేతి వేడిని బట్టీ కాస్త అటూ ఇటూ అవుతుంది, టెన్షన్ అక్కర్లేదు. స్క్రూ డ్రైవర్ లాగినప్పుడు అంకె మొదట కదిలిన వైపే కదిలితే ధ్రువాలు సరిగ్గా ఉన్నట్టు. వేరే వైపు కదిలితే మాగ్నెట్ తీసి పొర్లించండి, ఇప్పుడైతే అయిదు నిమిషాల పని.

కవర్ తిరిగి పెట్టేవాళ్ళు రెండు పక్కలా బొట్టు పెట్టి సోల్డర్ చెయ్యండి, కవర్‌కి గ్రౌండ్ అందాలి. కవర్‌కీ కాయిల్స్‌కీ మధ్య మైనం లేకపోతే గట్టి డ్రైవ్‌లో కీచుమంటుంది. పాత పీఏఎఫ్‌లకి మైనం పట్టించేవాళ్ళు కాదు, అందుకే కవర్ మీద వేలితో తడితే ఆంప్‌లో టకటక వినిపించేది, కొందరు ఆ సున్నితత్వాన్ని కూడా పాత టోన్‌లో భాగం అంటారు. నిజమే కావచ్చు, కానీ మీ పికప్‌లో ఉన్న మైనాన్ని కావాలని పోగొట్టకండి. కీచు మొదలైతే మళ్ళీ పట్టించాలి: నాలుగు వంతుల పారఫిన్ మైనానికి ఒక వంతు తేనెమైనం, నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచి, గాలి బుడగలు ఆగేదాకా పికప్‌ని ముంచి ఉంచాలి. మైనం గిన్నెని నేరుగా మంట మీద పెట్టొద్దు, అంటుకుంటుంది. థర్మామీటర్ లేకుండా చెయ్యొద్దు, వేడెక్కితే బాబిన్ వంగుతుంది.

వేరే రకం పికప్‌లు

పీ-90లో (గిబ్సన్ వాళ్ళ సింగిల్ కాయిల్, అంటే ఒకే కాయిల్ ఉన్న పికప్) అడుగున రెండు మాగ్నెట్లు ఉంటాయి, మధ్యలో స్క్రూ పోల్స్ వరస. రెండూ ఒకే ధ్రువాన్ని మధ్యకి చూపిస్తాయి, అంటే ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, పెట్టేటప్పుడు చేతిలోంచి జారిపోతాయి. ఒకటి తీసి, దాని చోట కొత్తది పెట్టి, అది కుదిరాకే రెండోది ముట్టుకోండి.

స్ట్రాటోకాస్టర్ తరహా పాత పద్ధతి సింగిల్ కాయిల్‌లో పోల్స్ అని మనం చూసేవే మాగ్నెట్ కడ్డీలు. తీగ నేరుగా వాటి మీదే చుట్టి ఉంటుంది, ఒక కడ్డీ తోస్తే లోపలి చుట్టు తెగిపోతుంది. వాటిని వదిలెయ్యండి. చవక సింగిల్ కాయిల్స్‌లో మాత్రం పోల్స్ ఉత్త ఇనుము, అడుగున సిరామిక్ పట్టీ అతికించి ఉంటుంది, దాన్ని వెచ్చబెట్టి ఊడదీసి ఆల్నికో పెట్టొచ్చు. అవుట్‌పుట్ బాగా పడిపోతుంది, బాగుంటుందని ముందే మాటివ్వలేను.

బిగించాక

కొత్త మాగ్నెట్ బలహీనమైనదైతే పికప్‌ని పాత ఎత్తులోనే ఉంచి వినకండి, పేలవంగా వినిపించి మోసపోతారు. తీగని లాగే బలం తగ్గింది కాబట్టి ఇంకాస్త పైకి తేవచ్చు. అర మిల్లీమీటరు లేపండి, వినండి, ఇంకాస్త లేపండి, నెక్, బ్రిడ్జ్ వాల్యూమ్ ఒకేలా వచ్చేదాకా. ఆ తరవాత స్క్రూ పోల్స్‌తో ఒక్కో తీగని సర్దుకోండి, ఒక పావు చుట్టు కూడా వినిపిస్తుంది. అప్పుడు మొదటి రికార్డింగ్ లాగే మళ్ళీ రికార్డ్ చేసి, రెండూ ఒకే వాల్యూమ్‌కి తెచ్చి పక్కపక్కన పెట్టి వినండి. గట్టిగా మోగింది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది.

ఇంకా గుచ్చుతున్నట్టుంటే పాట్ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే తిప్పుడు రెసిస్టర్ల) వైపు చూడండి. హంబకర్‌కి 500 కిలో ఓమ్‌ల పాట్, 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ వాడటం మామూలు, లోపల 1 మెగా ఓమ్ పాట్ ఉంటే పై స్వరాలు అందుకే పొడుచుకొస్తున్నాయి. మరీ ముద్దగా ఉంటే 250 కిలో ఓమ్‌ల పాట్ ఉందేమో చూడండి. ఈ రెండూ మాగ్నెట్‌తో నయమయ్యేవి కావు.

వారం రోజులు వాయించాకే నిర్ణయం తీసుకోండి, మొదటి రోజు చెవి కొత్తదనానికి పడిపోతుంది. తీసిన మాగ్నెట్ మీద ఏ పికప్‌దో, ఏ రకమో పేపర్ టేప్ అంటించి రాసి, రెండు పొడుగాటి అంచుల్నీ కలిపేలా ఒక ఇనుప ముక్క మీద పెట్టి దాచండి. మిగతా మాగ్నెట్లకి దూరంగా.